ఆటిజం ఉన్న పిల్లలు ఒక ఫొటోలో ముందుగా ఏం చూస్తారు?

ఎపిసోడ్‌లోకి వెళ్లేముందు ఒక చిన్న పని చేయండి. నన్ను పాజ్‌లో పెట్టి, మీ ఫోన్ గ్యాలరీ ఓపెన్ చేసి, ఏదైనా పెళ్లి గ్రూప్ ఫొటో తీయండి. ఐదు సెకన్లు చూసి మూసేయండి.

చూశారా? ఇప్పుడు చెప్పండి. వెనక డెకరేషన్‌లో పూలు ఏ రంగు? స్టేజి మీద కుర్చీలు ఎన్ని? ఫొటోలో ఫ్యాన్ ఉందా లేదా? చాలామంది చెప్పలేరు. కానీ ఎవరు కళ్ళు మూసుకున్నారు, ఏ బాబాయి మొహం మాడ్చుకుని నిలబడ్డాడు, పెళ్లికొడుకు కెమెరాని కాకుండా ఇంకెవర్ని చూస్తున్నాడు అని అడగండి, టక్కున చెప్పేస్తారు. ఎవరూ నేర్పలేదు కదా, మొహాలు చూడమని. మన కన్ను దానంతటదే అక్కడికి పోయింది.

ఇదే ఫొటోని ఆటిజం ఉన్న ఒక నాలుగేళ్ల బాబుకో పాపకో చూపిస్తే వాళ్ల చూపు ఎక్కడికి పోతుంది? ఎందుకు పోతుంది? ఇవాళ్టి ఎపిసోడ్ అదే. నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చేసి, నాలుగేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు మీ ముందు కెమెరాలో కూర్చున్నవాణ్ణి. కానీ ఈ టాపిక్‌లో కెమెరాలు, డేటా, లెక్కలు చాలా ఉన్నాయి, అందుకే నాకు ఇంట్రెస్ట్. ఇంకో కారణం మా ఇంట్లోనే ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు కన్ను సంగతి. మనకి ఎదురుగా ఉన్న సీన్ అంతా ఒకేసారి క్లియర్‌గా కనిపిస్తోందని అనుకుంటాం. నిజానికి అలా ఉండదు. చెయ్యి ముందుకి చాపి మీ బొటనవేలి గోరు చూడండి. కన్ను బాగా షార్ప్‌గా చూడగలిగేది దాదాపు ఆ గోరంత మేరే. మిగతాదంతా మసక. అందుకే కన్ను సెకనుకి మూడుసార్లో నాలుగుసార్లో ఒకచోట నుంచి ఇంకోచోటికి దూకుతూ ఉంటుంది. దూకిన ప్రతిచోటా పావు సెకను ఆగుతుంది, మళ్లీ దూకుతుంది. ఈ ముక్కలన్నీ కలిపి బుర్ర ఒక పెద్ద ఫొటోలా కుట్టేస్తుంది. మరి చూపు ఆగని చోటు? అక్కడ ఏముందో మనకి పెద్దగా తెలియదు. ఇందాక ఫ్యాన్ సంగతి చెప్పలేకపోయింది అందుకే.

ఈ దూకుళ్లని కొలిచే మెషీన్‌ని ఐ ట్రాకర్ అంటారు. ఐడియా చాలా సింపుల్. స్క్రీన్ కింద ఒక పట్టీ ఉంటుంది, అందులోంచి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు మొహం మీద పడుతుంది. కంటి ముందు పొర మీద ఆ వెలుతురు ఒక మెరుపు చుక్కలా కనిపిస్తుంది. ఆ చుక్కకీ, కనుపాప మధ్యభాగానికీ ఉన్న దూరాన్ని కెమెరా కొలుస్తుంది. కన్ను తిరిగితే ఆ దూరం మారుతుంది. మొదట స్క్రీన్ మీద మనకి తెలిసిన చోట్లలో బొమ్మలు చూపించి మెషీన్‌కి అలవాటు చేస్తారు. ఆ తర్వాత కన్ను ఎక్కడ ఆగిందో సెకనుకి అరవైసార్లు, కొన్ని మెషీన్లు అంతకంటే ఎక్కువసార్లు లెక్కగడతాయి. పిల్లాడు మాట్లాడక్కర్లేదు, బటన్ నొక్కక్కర్లేదు, ఊరికే కూర్చుని చూస్తే చాలు. మాటలు రాని పిల్లల గురించి తెలుసుకోడానికి ఇది అంత పనికొచ్చింది అందుకే.

ఇలాంటి పని చేసినవాళ్లలో రష్యన్ సైంటిస్ట్ ఆల్‌ఫ్రెడ్ యార్బస్ పేరు తప్పకుండా చెప్పాలి. 1967లో ఆయన పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పట్లో ఈ కెమెరాలెక్కడివి? కనుగుడ్డుకే ఒక చిన్న కప్పులాంటిది అంటించేవాడు. తలుచుకుంటేనే నాకు కళ్లలో నీళ్లొస్తున్నాయి. ఆయన రెపిన్ అనే చిత్రకారుడు వేసిన ఒక పెయింటింగ్ తీసుకున్నాడు. ప్రవాస శిక్ష నుంచి ఒకతను చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చాడు, ఇంట్లోవాళ్లు నిర్ఘాంతపోయి చూస్తున్నారు, అదీ బొమ్మ. ఒకే మనిషికి అదే బొమ్మ చూపిస్తూ ప్రశ్నలు మార్చాడు. 'ఈ కుటుంబం ఆస్తిపాస్తులు ఎలాంటివి?' అంటే చూపు సామాన్ల మీద, బట్టల మీద తిరిగింది. 'వీళ్ల వయసులెంత?' అంటే మొహాల మీదే ఆగింది. 'అతను ఎన్నాళ్ల తర్వాత వచ్చి ఉంటాడు?' అంటే ఒక మొహం నుంచి ఇంకో మొహానికి తిరుగుతూనే ఉంది. బొమ్మ అదే, కన్ను అదే, ప్రశ్న మారితే దారి మారిపోయింది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి. ఆటిజం ఉన్న పిల్లల కళ్లలో లోపమేమీ లేదు. వాళ్ల బుర్ర ఆ బొమ్మని వేరే ప్రశ్న అడుగుతోంది, అని నేను అర్థం చేసుకుంటాను.

ఇక అసలు విషయం. 2002లో అమెరికాలో యేల్ యూనివర్సిటీలో ఆమీ క్లిన్, వారెన్ జోన్స్, వాళ్ల టీమ్ ఒక ప్రయోగం చేశారు. ఆటిజం ఉండి, తెలివితేటల్లో ఏ తక్కువా లేని 15 మంది అబ్బాయిలు, ఆటిజం లేని ఇంకో 15 మంది. అందరికీ ఐ ట్రాకర్ పెట్టి ఒక పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా ముక్కలు చూపించారు. 'హూ ఈజ్ అఫ్రైడ్ ఆఫ్ వర్జీనియా వుల్ఫ్', 1966 సినిమా. ఆ సినిమానే ఎందుకంటే, అందులో నలుగురు మనుషులు ఒక ఇంట్లో కూర్చుని ఒకర్నొకరు మాటలతో పొడుచుకుంటూ ఉంటారు. ఫైట్లు లేవు, పాటలు లేవు, ఉన్నదంతా మొహాల్లోనే ఉంది.

రిజల్ట్ ఏంటంటే, ఆటిజం లేనివాళ్లు దాదాపు 65 శాతం టైమ్ కళ్లమీదే గడిపారు. ఆటిజం ఉన్నవాళ్లు సుమారు 25 శాతం. నోటిని రెండింతలు ఎక్కువ చూశారు. వస్తువుల్ని కూడా రెండింతలకి పైనే చూశారు, అంటే గోడ మీద స్విచ్చి, వెనక అల్మరా, అలాంటివి. ఒక సీన్‌లో ఒక పాత్ర గోడ మీదున్న పెయింటింగ్ వైపు వేలు చూపిస్తూ అది ఎవరు వేశారని అడుగుతాడు. మామూలుగా చూసేవాడి కన్ను ఆ వేలిని పట్టుకుని సూటిగా ఆ బొమ్మ మీదికి పోయి, వెంటనే జవాబు చెప్పాల్సిన మనిషి మొహానికి తిరిగొచ్చింది. ఆటిజం ఉన్న అబ్బాయి వేలిని పట్టించుకోలేదు. 'పెయింటింగ్' అనే మాట వినపడ్డాక గోడ మీదున్న బొమ్మలన్నీ ఒక్కోటీ వెతకడం మొదలుపెట్టాడు. చూడండి, మాట అర్థమైంది, పెయింటింగ్ అంటే ఏంటో తెలుసు. వేలు చెప్పిన మాటే అందలేదు. అతను వెతుక్కునే లోపు సినిమాలో సంభాషణ ముందుకెళ్లిపోయింది. క్లాసులో, ఆటల్లో, ఫంక్షన్‌లో ఈ పిల్లలకి రోజూ ఎన్నిసార్లు ఇలా జరుగుతుందో ఊహించుకోండి.

అదే స్టడీలో అందరూ వదిలేసే ఇంకో సంగతి ఉంది, నాకు ఎక్కువ నచ్చింది అదే. కళ్ళని ఎంతసేపు చూశారు అన్నదానికీ, రోజువారీ జీవితంలో మనుషులతో ఎలా నెగ్గుకొస్తున్నారు అన్నదానికీ లింకు దొరకలేదు. నోటిని ఎక్కువ చూసినవాళ్లు మెరుగ్గా నెగ్గుకొస్తున్నారు. వస్తువుల్ని ఎక్కువ చూసినవాళ్లకి ఇబ్బంది ఎక్కువ. ఎందుకై ఉంటుంది? నోరంటే మాట. కళ్ల భాష అందనివాడు మాటనైనా పట్టుకుని దారి వెతుక్కుంటున్నాడు. వెతుక్కుంటున్న ఆ దారిని మూసేసి 'కళ్ళలోకే చూడు' అంటే ఏమవుతుంది? దీనికి మళ్లీ వస్తా.

మరి ఇది పుట్టుకతో ఉంటుందా? ఇదే టీమ్ 2013లో నేచర్ జర్నల్‌లో ఇంకో స్టడీ వేశారు. 110 మంది పసిపిల్లల్ని రెండో నెల నుంచి రెండేళ్లు వచ్చేదాకా పదిసార్లు పిలిచి, ఒక ఆవిడ లాలిస్తూ మాట్లాడే వీడియో చూపించారు. మూడేళ్లకి ఎవరికి ఆటిజం అని తేలిందో చూసి, వెనక్కెళ్లి పాత డేటా తీశారు. మొదటి నుంచే వాళ్లు కళ్ళవైపు చూడలేదని వస్తుందేమో అనుకుంటాం కదా? అలా రాలేదు. రెండో నెలలో అందరిలాగే కళ్లలోకి చూశారు. రెండు నుంచి ఆరు నెలల మధ్యలో అది మెల్లగా తగ్గుతూ వచ్చింది, రెండేళ్లకి మిగతా పిల్లలు చూసేదాంట్లో సగానికి పడిపోయింది. అయితే ఒకమాట. ఆ లెక్కలో చివరికి ఆటిజం అని తేలిన మగపిల్లలు 11 మందే. చిన్న నంబర్. దీన్ని పట్టుకుని మీ మూడునెలల పాప మీవైపు ఎన్ని సెకన్లు చూసిందని స్టాప్‌వాచ్ పెట్టకండి ప్లీజ్.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ప్రయోగం చెప్తా. 1973లో స్వీడన్‌లో జోహాన్సన్ అనే సైకాలజిస్ట్ ఒక గమ్మత్తు చూపించాడు. మనిషి కీళ్ల దగ్గర మాత్రం వెలుగు చుక్కలు పెట్టి, చీకట్లో నడిపించి వీడియో తీస్తే, ఆ పది పన్నెండు చుక్కలు కదలగానే 'అరె, మనిషి నడుస్తున్నాడు' అని ఎవరైనా చెప్పేస్తారు. చుక్కలు ఆగిపోతే మాత్రం ఉత్త చుక్కలే. 2009లో క్లిన్ టీమ్ రెండేళ్ల పిల్లలకి ఇలాంటి చుక్కల మనుషుల్ని చూపించింది. స్క్రీన్‌లో ఒకపక్క నిటారుగా ఆడుతున్న మనిషి, ఇంకోపక్క అదే వీడియో తలకిందులుగా, వెనకనుంచి ముందుకి. సౌండ్ నిటారు మనిషిది. ఆటిజం లేని పిల్లలు నిటారు వైపే చూశారు. ఆటిజం ఉన్నవాళ్లకి రెండూ ఒకటే. కానీ చప్పట్ల ఆట ఉన్న క్లిప్ దగ్గర కథ మారింది. అక్కడ రెండు చుక్కలు గుద్దుకున్నప్పుడల్లా సరిగ్గా అదే క్షణంలో చప్పుడొస్తుంది. ఆ క్లిప్‌లో వీళ్ల చూపు గట్టిగా అటే అతుక్కుంది. అంటే వాళ్లు ఆసక్తి లేకుండా కూర్చోలేదు. కదలికా శబ్దమూ ఎక్కడ కచ్చితంగా కలుస్తున్నాయో దాన్ని వెతికి పట్టుకున్నారు. ఇది చదివాక నాకు నోటి సంగతి ఇంకోలా అర్థమైంది. మొహంలో కదలిక, శబ్దం కలిసే చోటు ఏది? పెదాలు.

సరే, మా ఇంటి సంగతి. మా అక్క కొడుకు. మేమందరం చిన్నోడు అంటాం. వాడికి 20 నెలలప్పుడు మా బాబాయి కూతురి పెళ్లి అయింది. పెళ్లి వీడియో వచ్చాక ఇంట్లో అందరం టీవీలో వేసుకుని చూశాం. వీడియోవాడు వీణ్ణి చాలాసార్లు తీశాడు. ప్రతి షాట్‌లోనూ వీడు పైకే చూస్తున్నాడు. ఫంక్షన్ హాల్లో తిరిగే ఫ్యాన్లు. తాళి కట్టేటప్పుడు బాజాలు మోగి అందరూ అటు తిరిగితే, అప్పుడూ ఫ్యానే. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. అప్పటికే తను గమనిస్తోంది, పేరు పెట్టి పిలిస్తే తిరగడం లేదని, డాబా మీద అన్నం పెడుతూ చందమామని చూపిస్తే వీడు తన చేతినే చూస్తున్నాడని.

ఈ చందమామ సంగతి దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మన ఇళ్లల్లో ప్రతి అమ్మా చేసే పని ఇది. తల్లి వేలు చూపిస్తుంది, బిడ్డ వేలి దారిలో పైకి చూస్తుంది, చంద్రుణ్ణి చూసి వెంటనే తల్లి మొహం చూస్తుంది, 'నువ్వూ చూశావా?' అన్నట్టు. ఇద్దరూ ఒకే వస్తువుని, ఒకరికొకరు తెలిసి చూడటం. సైకాలజీలో దీన్ని జాయింట్ అటెన్షన్ అంటారు. ఆటిజం స్క్రీనింగ్‌కి వాడే ఎమ్-చాట్ అనే ప్రశ్నల లిస్టులో వేలు చూపించడం మీద, చూపించిన వైపు చూడటం మీద ప్రత్యేకంగా ప్రశ్నలున్నాయి. మాటలు రాలేదన్న దిగులు చాలామందికి ఉంటుంది. అంతకంటే ముందే కనపడే ఈ చిన్న సంగతిని పట్టించుకునేది తక్కువ.

అక్క వాళ్ల అత్తమ్మగారు 'మగపిల్లలకి మాటలు లేటే అమ్మా, మా వాడు మూడేళ్లదాకా నోరు విప్పలేదు' అన్నారు. ఆవిడ మంచికే అన్నారు. బంధువుల్లో ఇంకొకరు మాత్రం అక్క మొహం మీదే 'ఫోన్ చేతికిచ్చి పాడుచేశారు' అన్నారు. తల్లిని అనడం ఈనాటిది కాదు. 1967లో బెటెల్‌హైమ్ అనే ఆయన అమెరికాలో పుస్తకం రాసి మరీ, తల్లులు ప్రేమ చూపించకపోవడం వల్లే ఆటిజం వస్తుందనే వాదాన్ని ఊరూరా మోశాడు. తర్వాత సైన్స్ దాన్ని చెత్తబుట్టలో వేసింది. కళ్లవైపు చూడటం మీద 2017లో వచ్చిన కవలల స్టడీ ఒకటుంది. ఒకే అండం నుంచి పుట్టిన కవలలిద్దరికీ, ఎవరికి వాళ్లకి విడిగా, ఒకే వీడియో చూపించారు. కళ్లని ఎంతసేపు చూశారన్నదాంట్లో ఇద్దరి మధ్య పోలిక 0.91 వచ్చింది. మామూలు కవలల్లో అది 0.35. చూపు తిప్పే క్షణాలు కూడా కలిశాయి. మీకు స్టాటిస్టిక్స్ తెలిస్తే 0.91 ఎంత పెద్ద నంబరో తెలుస్తుంది. పుట్టుకతో వచ్చే జీన్స్ చేయి అంత గట్టిగా ఉన్న విషయానికి ఒక తల్లిని దోషిని చేయడం అన్యాయం. స్క్రీన్ టైమ్ తగ్గించాలా అంటే తగ్గించండి, రెండేళ్లలోపు పిల్లలకి స్క్రీన్ వద్దని డబ్ల్యూహెచ్ఓ 2019లోనే చెప్పింది. అది పిల్లలందరికీ వర్తించే మాట.

చిన్నోడికి రెండేళ్ల రెండు నెలలకి ఆటిజం అని తేలింది. అక్కా బావా మొదట ఒక థెరపీ సెంటర్‌కి తీసుకెళ్లారు. పేరు చెప్పను. అక్కడ వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని మొహం ఎత్తి, 'లుక్ ఎట్ మీ' అనేవాళ్లు. మూడు సెకన్లు చూస్తే ఒక చాక్లెట్ గింజ. చూడకపోతే మళ్లీ గడ్డం. నెల తిరిగేసరికి వాడు ఆ బిల్డింగ్ మెట్లు కనపడగానే ఏడుపు మొదలుపెట్టేవాడు. 'కొన్నాళ్లు ఏడుస్తారమ్మా, అలవాటైపోతుంది' అన్నారట. అక్క మాన్పించేసింది. నా ఒపీనియన్ అడిగితే, తను చేసిన మంచి పనుల్లో అదొకటి.

ఎందుకంటే, వీళ్లు కళ్లవైపు ఎందుకు చూడరు అన్నదానికి సైన్స్‌లోనే రెండు వాదాలున్నాయి. ఒకటి, చూస్తే ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి తప్పించుకుంటారు అని. 2017లో వచ్చిన ఒక బ్రెయిన్ స్కాన్ స్టడీలో, ఆటిజం ఉన్నవాళ్ల చూపుని కళ్ల దగ్గరే ఆగేలా చేస్తే, మెదడు లోపలి భాగాల్లో, భయానికి సంబంధించిన అమిగ్డలా అనే భాగంతో సహా, మామూలుకంటే ఎక్కువ అలజడి కనిపించింది. ఆటిజం ఉన్న పెద్దవాళ్లు చాలామంది చెప్పేది కూడా ఇదే, కళ్లలోకి చూస్తే మాట బుర్రకెక్కదు, మాట వినాలంటే చూపు తిప్పుకోవాలి అని. ఇందులో వింతేముంది? పదిహేడు ఇంటూ ఆరు ఎంత అంటే మీరూ సీలింగ్ వైపు చూస్తారు కదా.

రెండో వాదం, వాళ్లకి అక్కడ ముఖ్యమైన సమాచారం ఉందని అనిపించదు, అంతే, అని. అదే 2017లో రెండేళ్ల పిల్లల మీద వచ్చిన స్టడీ దీనికి సపోర్ట్. స్క్రీన్ మీద చిన్న సిగ్నల్ ఇచ్చి పిల్లల చూపుని కళ్ల దగ్గరికి తెచ్చారు. భయమే ఉంటే వెంటనే పక్కకి తిప్పుకోవాలి కదా? తిప్పుకోలేదు. మిగతా పిల్లలంత సేపే ఉన్నారు. రెండేళ్లకి పట్టింపు లేకపోవడం, ఏళ్లు గడిచేకొద్దీ అర్థంకాని కళ్ల మధ్య బతికి బతికి ఇబ్బందిగా మారడం, రెండూ నిజమయ్యే అవకాశం ఉంది. ఇది నా అంచనా. ఏది నిజమైనా గడ్డం పట్టుకుని ఎత్తడం మాత్రం దేనికీ మందు కాదు. పైగా మన ఇళ్లల్లో పెద్దవాళ్లు తిడుతుంటే కళ్లలోకి చూస్తే 'ఏంట్రా ఆ గుడ్లురుమడం' అని ఇంకో రెండు తగిలిస్తారు. తల దించుకోవడమే మర్యాద అని పెంచిన ఊళ్లలో కూర్చుని, మూడు సెకన్ల ఐ కాంటాక్ట్‌ని టార్గెట్‌గా పెట్టడం నాకు విడ్డూరంగా ఉంటుంది.

ఇప్పుడు చిన్నోడు వెళ్లే థెరపిస్ట్ మేడమ్ కుర్చీ వాడదు. నేలమీద వాడి పక్కనే కూర్చుంటుంది. సబ్బు బుడగల సీసా తన బుగ్గ దగ్గర పెట్టుకుని, ఊదబోయి ఆగుతుంది. ఊదదు. వాడు బుడగ కోసం ఎదురుచూస్తాడు, చూస్తాడు, ఒక క్షణం ఆమె మొహం వైపు చూస్తాడు. అప్పుడు ఊదుతుంది. వాడికి మొహంలో పనికొచ్చే సమాచారం ఉందని తెలియడం ఇలాగే మొదలవుతుంది. ఎవరూ బలవంతం చేయలేదు. వాడికి ఇప్పుడు నాలుగు దాటింది. నన్ను 'మామ' అంటాడు, చూపు మాత్రం నా చొక్కా గుండీ మీద ఉంటుంది. నాకేం ఇబ్బంది లేదు.

రైళ్ళంటే పడిచస్తాడు. దీనికీ ఒక స్టడీ ఉంది. 2014లో, స్కూలుకి వెళ్లే ముందు వయసు పిల్లలకి స్క్రీన్‌లో ఒకపక్క మొహం, ఇంకోపక్క వస్తువు పెట్టి చూపించారు. ఆ వస్తువు రైలులాంటిది, అంటే ఈ పిల్లల్లో చాలామందికి ఇష్టమైనదైతే, మొహాన్ని తక్కువ చూశారు. మామూలు వస్తువైతే ఆటిజం ఉన్న పిల్లలు, లేని పిల్లలు మొహాన్ని ఒకేలా చూశారు. అంటే 'ఈ పిల్లలు మొహాలు చూడరు' అనడం తప్పు. పక్కన ఏముంది అన్నదాన్నిబట్టి ఉంటుంది. చాలా స్టడీలు కలిపి 2016లో చేసిన ఒక విశ్లేషణలో ఇంకోటి తేలింది. బొమ్మలో మనుషులు పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. ఒక్క మనిషి మొహం ఉంటే తేడా తక్కువ, నలుగురు ఒకరితో ఒకరు మాట్లాడుకునే సీన్ అయితే ఎక్కువ. మీరు టీచరో, ఇంట్లో ఇలాంటి పిల్లలున్నవాళ్లో అయితే ఇది వెంటనే పనికొస్తుంది. 'సంతలో సందడి' లాంటి కిక్కిరిసిన చార్టు చూపించి 'ఎవరేం చేస్తున్నారు?' అని అడిగితే వాళ్లకి అది చాలా కష్టమైన పరీక్ష. ఒక మనిషి, ఒక పని, వెనక ఖాళీ గోడ. ఆ ఫొటోతో మొదలుపెట్టండి. అక్క చిన్నోడి కోసం ఇంట్లోవాళ్ల ఫొటోలనే అలా తీసింది. అమ్మమ్మ పాలు కాస్తోంది, నాన్న బండి తుడుస్తున్నాడు. వాడి రైళ్లని కూడా బయటకి నెట్టలేదు, టికెట్ ఇచ్చే మనిషిని చేర్చింది.

చివరగా, మన లైన్ విషయం, టెక్నాలజీ. ఇంత డేటా ఉంది కదా, చూపుని కొలిచి ఆటిజం చెప్పే మెషీన్ చేయలేమా? చేశారు. అమెరికాలో 'ఎర్లీపాయింట్' అనే పరికరానికి 2022లో ఎఫ్‌డిఎ అనుమతి వచ్చింది, 16 నుంచి 30 నెలల పిల్లలకి. డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు ట్యాబ్ ముందు కెమెరాతోనే పనిచేసే యాప్ తయారుచేశారు. మన దేశంలోనూ ఢిల్లీ చుట్టుపక్కల 'స్టార్ట్' అనే ట్యాబ్ యాప్‌ని, డాక్టర్లు కాని హెల్త్ వర్కర్లే ఇళ్లకి తీసుకెళ్లి 2 నుంచి 7 ఏళ్ల పిల్లల మీద పరీక్షించారు. స్పెషలిస్ట్ ఉన్న సిటీకి బస్సెక్కి రావాల్సిన మన ఊళ్లకి ఇలాంటిది వస్తే నిజంగా పెద్ద సాయం.

కానీ ఇంజనీర్ బుర్రతో ఒక లెక్క వేద్దాం. ఎర్లీపాయింట్ మీద 2023లో 475 మంది పిల్లలతో స్టడీ వచ్చింది. ఆటిజం ఉన్న 100 మందిలో 71 మందిని పట్టుకుంది. లేని 100 మందిలో దాదాపు 81 మందిని 'లేదు' అని సరిగ్గా చెప్పింది. బాగానే ఉంది కదా? ఇప్పుడు దీన్ని మామూలు పిల్లలు 1000 మంది మీద వాడామనుకోండి. అందులో 10 మందికి ఆటిజం ఉందనుకుందాం. ఏడుగురు దొరుకుతారు, ముగ్గురు జారిపోతారు. మిగతా 990 మందిలో సుమారు 190 మందికి ఆటిజం లేకపోయినా 'ఉంది' అని చూపిస్తుంది. అంటే మెషీన్ వేలు చూపించిన దాదాపు 200 ఇళ్లల్లో నిజంగా ఉన్నది ఏడు ఇళ్లల్లో. అందుకే దాన్ని అలా వాడరు. అప్పటికే అనుమానంతో స్పెషలిస్ట్ దగ్గరికి వచ్చిన పిల్లలకి, డాక్టర్ చేతిలో ఒక సాయంలా వాడతారు.

ఇంకో టెస్ట్ ఉంది. ఒకపక్క డ్యాన్స్ చేసే పిల్లలు, ఇంకోపక్క స్క్రీన్‌సేవర్‌లాంటి కదిలే గీతల డిజైన్లు. 2011లో మొదటిసారి వచ్చింది. 69 శాతానికి మించి డిజైన్లనే చూస్తే ఆటిజం అన్నది దాదాపు ఖాయం. తర్వాత పెద్ద గ్రూప్‌తో 2016లో చూస్తే, ఆటిజం లేనివాళ్ల విషయంలో 98 శాతం కరెక్ట్, కానీ ఆటిజం ఉన్నవాళ్లలో పట్టుకున్నది 21 శాతమే. మిగతా 79 మంది డ్యాన్స్ వైపు కూడా బాగానే చూశారన్నమాట.

ఇప్పుడు అర్థమైంది కదా, రీల్స్‌లో 'ఈ వీడియో మీ బాబుకి చూపించండి, ఎటు చూస్తే ఏంటో చెప్తాం' అని వచ్చేవాటితో ప్రమాదం ఎక్కడుందో. డ్యాన్స్ వైపు చూశాడని ఊరుకున్న తల్లికి ఒక ఏడాది పోతుంది. ఫ్యాన్ చూశాడని భయపడ్డ ఇంకో తల్లికి నిద్ర పోతుంది. పైగా ఆ యాప్‌లు కొన్ని కెమెరా పర్మిషన్ అడుగుతాయి, మీ పిల్లాడి మొహం వీడియో ఏ సర్వర్‌లోకి పోతోందో మీకు తెలియదు. నేను సర్వర్ల దగ్గర పనిచేసి వచ్చినవాణ్ణి, నన్ను నమ్మండి, ఇవ్వకండి.

మరేం చేయాలి? అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 18 నెలలకి ఒకసారి, 24 నెలలకి ఒకసారి ప్రతి బిడ్డనీ ఆటిజం కోసం చూడమంటుంది. మీ పిల్లల డాక్టర్‌ని ఆ వయసులో మీరే అడగండి. పిలిస్తే తిరగడం లేదు, వేలు చూపించడం లేదు, వచ్చిన మాటలు పోయాయి, వీటిలో ఏది కనిపించినా మూడేళ్లదాకా ఆగొద్దు. డబ్బు సమస్య అయితే, చాలా జిల్లాల్లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో డీఈఐసీ అనే సెంటర్లున్నాయి, పిల్లల ఎదుగుదల సమస్యల కోసమే పెట్టినవి. అంగన్‌వాడీ టీచర్‌నో ఆశా కార్యకర్తనో అడిగినా దారి చెప్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ నీపిడ్ ఉంది. ఆటిజం ఎంత ఉందో కొలవడానికి మన దేశంలో వాడే 'ఇసా' అనే స్కేల్ తయారైంది అక్కడే. 2016 చట్టంలో ఆటిజం ఉంది కాబట్టి సర్టిఫికెట్, దాంతో వచ్చే హక్కులు కూడా ఉన్నాయి. ఆ కాగితాల పని ఎలా చేయాలో అక్క, బావ తిరిగి తిరిగి నేర్చుకున్నదంతా ఒక లిస్టు రాసిస్తామన్నారు, విడిగా ఒక ఎపిసోడ్ చేస్తా.

దానికంటే ముందు వచ్చే వారం ఎపిసోడ్ శబ్దాల మీద. కుక్కర్ విజిల్ వేయగానే చెవులు మూసుకునే పిల్లాడు, రైలు కూతకి మాత్రం ఎందుకు ఎగిరి గంతేస్తాడు? అదీ టాపిక్. అప్పటిదాకా ఉంటాను.